పదిహేడో స్లిప్పు

చలికాలం చీకటి పడ్డాక ఆ పదిహేడో స్లిప్పు దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

స్లిప్పు అంటే పెద్ద సంగతేం కాదు, పడవ కట్టేసుకునే చోటు. కార్‌కి పార్కింగ్ లాగా పడవకి స్లిప్పు. మేముండే ఐసెలిన్ నుంచి నలభై నిమిషాలు సముద్రం వైపు డ్రైవ్ చేస్తే ఆ బోట్‌యార్డ్ వస్తుంది. నీళ్ళలోకి పొడుగ్గా ఒక చెక్కల దారి ఉంటుంది, దాన్ని డాక్ అంటారు. దానికి అటూ ఇటూ నంబర్లు వేసి ఇరవై నాలుగు స్లిప్పులు. జనవరి వచ్చేసరికి నీళ్ళన్నీ గడ్డ కట్టేస్తాయి. అన్ని స్లిప్పులూ తెల్లగా, మనిషి నడవగలిగేంత గట్టిగా అయిపోతాయి.

పదిహేడు మాత్రం గడ్డ కట్టదు.

అక్కడ పడవ లేదు. డాక్ మీద ఒక్క దీపం వెలగదు, కరెంటు ఆపేసి చాలాకాలమైంది. అయినా ఆ ఒక్క చోట నీళ్ళు నల్లగా తెరుచుకునే ఉంటాయి. రాత్రయితే అడుగు నుంచి బుడగలు... చెక్కల కింద సన్నగా ఒక మూలుగు.

అక్కడ ఒక ఇండియన్ చచ్చిపోయాడు, వాడే అది — అని చెప్పుకుంటారు. ఆ యార్డ్ మేనేజరు గ్రెగ్ అయితే కొత్తగా వచ్చిన కస్టమర్లకి నవ్వుతూ మరీ చెప్తాడట. పడవ పిచ్చోడట. తాగి నీళ్ళలో పడ్డాడట. ఇంకా తన పడవ కోసం వెతుక్కుంటున్నాడట.

ఆ ఇండియన్‌కి ఒక పేరుంది. ఉదయ్. నాకు తమ్ముడి వరస. మా ఇంట్లో పదేళ్ళు పెసరట్లు తిన్న మనిషి. పార్టీలో అందరూ గ్లాసులెత్తితే వాడు మజ్జిగ గ్లాసు ఎత్తేవాడు. తాగి పడ్డాడట! ఈ మాట చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది. మనిషిని చంపింది చాలక దెయ్యాన్ని చేసి కూర్చోబెట్టారు. అందుకే ఈ కథ ఉన్నదున్నట్టు చెప్తున్నాను. నాకు చెప్పింది వాడి భార్య ఉజ్వల. మా కిచెన్‌లో, కోటు కూడా విప్పకుండా, నేనిచ్చిన టీ చల్లారిపోతుంటే చెప్పింది.

ఉదయ్ పడవ అందరి పడవల్లాంటిది కాదు. యార్డ్‌లో మిగతావన్నీ ఫైబర్‌వి. వీడిది కర్ర పడవ. అరవై ఏళ్ళ నాటిది, ఇరవై ఆరడుగులు. ఎవరో వదిలేస్తే కొని, ఆరేళ్ళు చెక్క చెక్కా మార్చి బతికించుకున్నాడు. ఉజ్వల దానికి సవతి అని పేరు పెట్టింది. శని, ఆదివారాలు ఉదయ్ సవతి దగ్గరే ఉండేవాడు. మొదట్లో అది నవ్వుతూ పెట్టిన పేరే. తర్వాత్తర్వాత నవ్వు పోయింది, పేరు మిగిలింది.

ఏటా అక్టోబర్‌లో ఒక గొడవ. అందరూ పడవల్ని క్రేన్‌తో పైకి తీయించి షెడ్డులో స్టాండ్ల మీద పెట్టించుకుంటారు. వీడు తీయించడు. కర్రని చలికాలమంతా బయట ఎండబెడితే పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయని, నీళ్ళలోనే ఉంటే చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయని వాడి వాదన. నీళ్ళలో ఉన్నదానికి ఇంకో గండం ఉంది. గడ్డ కట్టిన మంచు పలకల్ని రంపంలా కోసేస్తుంది. దానికి మందు బబ్లర్. డాక్ కింద ఒక గాలి పంపు, దాన్నుంచి పడవ అడుగుకి ఒక ట్యూబు. రాత్రీ పగలూ బుడగలు వదులుతుంటే చుట్టూ నీళ్ళు గడ్డ కట్టవు. కరెంటు ఇరవై నాలుగ్గంటలూ ఉంటుందని యార్డ్ వాళ్ళు కాగితం మీద రాసి సంతకం పెట్టారు కూడా.

ఆ డిసెంబర్‌లో ఉదయ్‌కి అనుమానం వచ్చింది. వెళ్ళినప్పుడల్లా పడవ చుట్టూ అంచుల్లో సన్నటి మంచు కనిపిస్తోంది. గ్రెగ్‌ని అడిగితే నీ పంపే పాతదన్నాడు. మన ఇంజనీర్లకి ఒకరు అన్న మాట మీద నమ్మకం ఉండదు కదా, డేటా కావాలి. జనవరి మొదట్లో చిన్న బోర్డు ఒకటి తయారుచేశాడు. కరెంటు ఉన్నంతసేపు తేదీ, టైముతో గంటకో లైను మెమరీ కార్డులో రాసుకుంటుంది, లేనప్పుడు రాయదు. అంతే దాని పని. తడి తగలకుండా దాన్ని గాజు పచ్చడి జాడీలో పెట్టి, మూత బిగించి, పంపు వైరుకి కలిపి డాక్ కింద కట్టాడు. ఆ జాడీలో ఉజ్వల పట్టిన గోంగూర ఇంకా సగం ఉంది. దాన్ని గిన్నెలోకి వంపేసి జాడీ కడిగి పట్టుకుపోయాడు. దానికీ ఒక గొడవైంది. నెలాఖరున కార్డు తీసి చూద్దామనుకున్నాడు.

నెలాఖరు రాలేదు.

పోయిన జనవరిలో ఒక మంగళవారం. వాళ్ళ అమ్మాయి అవని పుట్టినరోజు. కాలేజీ నుంచి వచ్చి కూర్చుంది పిల్ల. టేబుల్ మీద కేకు ఉంది, కొవ్వొత్తులింకా వెలిగించలేదు. బయట చలి చంపేస్తోంది, రాత్రికి ఇంకా దిగుతుందని ఫోన్లన్నీ మోగుతున్నాయి. ఉదయ్ కోటు వేసుకున్నాడు. ఒక్క గంటలో వచ్చేస్తాను, పంపు నడుస్తోందో లేదో చూసి వస్తాను అన్నాడు.

ఉజ్వలకి ఎక్కడలేని కోపం వచ్చింది. తలుపు దగ్గర నిలబడి అంది:

"అంత ముఖ్యమైతే అక్కడే ఉండు. ఇంటికి రాకు."

రాలేదు.

పొద్దున్న పదిహేడో స్లిప్పులో మంచు కింద దొరికాడు. పక్కన తెడ్డు ఉంది. దానితో పడవ చుట్టూ మంచు పగలగొడుతూ కాలు జారాడని తేల్చారు. యార్డ్ వాళ్ళు కరెంటు బ్రహ్మాండంగా ఉందన్నారు, ఆ చలిలో ఆ వేళప్పుడు రావడం ఆయన తప్పన్నారు. పోలీసులు రాసుకున్నారు. మనవాళ్ళు కూడా తక్కువ తినలేదు. పదో రోజు భోజనాల దగ్గరే ఒకాయన, పడవ పిచ్చి ఎంత పని చేసిందండీ అన్నాడు. నేను ఆయన విస్తట్లో రెండోసారి వడ్డించలేదు.

ఉజ్వల ఏడవలేదు. ఏడాదంతా కోపంతోనే బతికింది. వాడి మీద కోపం, పడవ మీద కోపం, తను అన్న మాట మీద కోపం. పడవని పైకి తీసి షెడ్డులో పెట్టామని యార్డ్ నుంచి ఉత్తరం వస్తే, ఎండనీ అంది. ఈ జనవరిలో సంవత్సరీకం అయిన వారానికి ఇంకో ఉత్తరం వచ్చింది: పడవ తీసుకెళ్తారా, పగలగొట్టించమంటారా అని. పగలగొట్టండి అని సంతకం పెట్టేసింది. శనివారం ముహూర్తం పెట్టారు. బుధవారం ఆఫీస్ నుంచి అటే వెళ్ళింది — వాడి టూల్‌బాక్స్ తెచ్చుకోవడానికి.

టైము ఐదున్నర. బయట కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. మన దెయ్యాలు పాపం అర్ధరాత్రి దాకా ఆగుతాయి. ఇక్కడ చలికాలం ఐదింటికే డ్యూటీ ఎక్కేయొచ్చు.

ఆఫీసులో ఉన్న అమ్మాయి షెడ్డు తాళం ఇచ్చి, ఇంటికి వెళ్ళే తొందరలో ఒక మాట చెప్పింది. డాక్ వైపు మాత్రం వెళ్ళకండి, పదిహేడు దగ్గర ఆ ఇండియన్ దెయ్యం ఉంటుంది అని. ఎవరితో అంటోందో ఆ పిల్లకి తెలీదు. ఉజ్వల తాళం తీసుకుని షెడ్డు వైపు నడిచింది.

షెడ్డులో స్టాండ్ల మీద పడవ. ఏడాదిగా ఎండి పలకలన్నీ కుంచించుకుపోయాయి. సందుల్లోంచి అవతలి గోడ కనిపిస్తోంది. ఉజ్వల కార్ తాళంచెవి పెట్టి చూస్తే లోపలికి దూరిపోయింది. వాడు చెప్పినట్టే జరిగింది, అక్షరం పొల్లుపోకుండా. ఎందుకో ఆ సందు చూసేసరికి ఇంకా మండింది. టూల్‌బాక్స్ కార్‌లో పడేసి, వద్దన్న వైపే నడిచింది.

అప్పటికి ఆరు దాటింది. ఆఫీసు దీపాలు ఆరిపోయాయి. డాక్ మీద అడుగు వేస్తే చెక్కలు కిర్రుమంటున్నాయి. ఫోన్ లైటులో నంబర్లు చదువుకుంటూ వెళ్ళింది. పదమూడు... పద్నాలుగు... అన్నీ తెల్లటి మంచు. పదిహేను... పదహారు...

మూలుగు వినిపించింది.

కాళ్ళ కిందే. సన్నగా, ఆపకుండా... గొంతు పెగలని మనిషి మూలిగినట్టు.

లైటు ముందుకి తిప్పింది. పదిహేడు. నల్లటి నీళ్ళు. ఆవిరి లేస్తోంది. మధ్యలో బుడగలు — ఒకటి, రెండు, గుప్పెడు... పైకి వచ్చి పగిలిపోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి.

ఉజ్వలకి ఆ క్షణంలో గుర్తొచ్చింది ఒక్కటే మాట. అక్కడే ఉండు. తలుపు దగ్గర తను అన్న మాట.

అక్కడే చెక్కల మీద కూర్చుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చెక్కల సందులోంచి కిందకి చూస్తే... చిన్న పచ్చ లైటు. ఆరుతోంది, వెలుగుతోంది.

వంగి చెయ్యి పెట్టి లాగింది. జాడీ. ఎర్ర మూత. మూత మీద తన చేతిరాతే, కాస్త చెరిగిపోయి: గోంగూర, జూన్. వైరు లాగేసి, తాడు తెంపి, జాడీ కోటులో పెట్టుకుని పరిగెత్తినంత పని చేసింది. కార్‌లో కూర్చున్నాక గానీ, తను భయపడిందని తనకి తెలియలేదు.

ఇంట్లో అవని కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టింది. పిల్లకి తెలుగు అంతంత మాత్రం. లైన్లన్నీ పైనుంచి కిందిదాకా చూసి అంది:

"అమ్మా, నాన్న చనిపోయే ముందు... ఎవ్రీ నైట్ కరెంట్ లేదు."

మూడు వారాల లెక్క ఉంది. ప్రతి రోజూ పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం దాకా గంటకో లైను. ఆరు తర్వాత ఖాళీ. మళ్ళీ పొద్దున్న ఆరుకి లైను. ఒక్క రాత్రి కూడా మినహాయింపు లేదు. ఖర్చు కలిసొస్తుందని చీకటి పడగానే డాక్ కరెంటు ఆపేసేవారన్నమాట. పగలు ఆన్, ఎవరైనా వస్తే చూపించుకోవడానికి. ఉదయ్ చూసిన మంచు నిజమే. వాడి పంపు పాతది కాదు, వాళ్ళ బుద్ధి పాడుది.

ఆఖరి లైను పుట్టినరోజు సాయంత్రం ఐదింటిది. తర్వాత పద్దెనిమిది రోజులు పగలూ రాత్రీ ఏమీ లేదు. చావు తర్వాత డాక్‌కి కరెంటు పూర్తిగా ఆపేశారు కాబట్టి అది సరే.

ఆ తర్వాతే వింత. ఫిబ్రవరి పది నుంచి మళ్ళీ లైన్లు మొదలయ్యాయి, మార్చి ఆఖరు దాకా. మళ్ళీ ఈ డిసెంబర్ నుంచి ఆ బుధవారం దాకా. ఈసారి తిరగబడి ఉన్నాయి. పగలు ఖాళీ. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా మాత్రమే లైన్లు. అప్పుడు ఏ గంటలు కాజేశారో సరిగ్గా ఆ గంటలే ఎవరో తిరిగిస్తున్నట్టు.

దెయ్యానికి షిఫ్ట్ టైమింగ్స్ ఉంటాయా? ఉజ్వలకి భయం పోయింది. కోపం తిరిగి వచ్చింది, ఈసారి దారి తెలిసిన కోపం.

గురువారం సాయంత్రం కార్ రోడ్డు మీదే ఆపి, నడిచి వెళ్ళి షెడ్డులో సవతి వెనకాల నిలబడింది. ఆరుకి గ్రెగ్ కార్ బయటికి వెళ్ళింది. కాసేపటికి ఒక టార్చిలైటు ఊగుకుంటూ వచ్చింది. డాక్ మొదట్లో ఉన్న స్విచ్‌ల పెట్టె దగ్గర ఆగింది. మూత తీసిన చప్పుడు. టిక్ అని ఒక చప్పుడు. దూరంగా చెక్కల కింద మూలుగు మొదలైంది, ఎవరూ తీయకుండా వదిలేసిన ఉదయ్ పంపు.

వాల్టర్. ముప్పై ఏళ్ళుగా యార్డ్‌లో పనిచేస్తున్న ముసలాయన, అక్కడే మూల ట్రెయిలర్‌లో, అంటే చక్రాల మీది ఇంట్లో ఉంటాడు. ఉదయ్‌కి పలకలు ఎలా వంచాలో నేర్పింది ఆయనే. ఉజ్వల వెలుగులోకి వచ్చి నిలబడితే, ఆయన టార్చి కింద పడిపోయింది. ఎవరో గుర్తుపట్టాడు. తర్వాత గొణిగినట్టు చెప్పాడు. ఇంగ్లీషులోనే చెప్పాడు, నాకు మాత్రం ఉజ్వల తెలుగులో చెప్పింది:

"ఆ రాత్రి ఆపింది నేనే. రోజూ నేనే ఆపేవాణ్ణి. గ్రెగ్ ఆపమనేవాడు."

పొద్దున్న ఆరుకి మళ్ళీ ఆన్ చేయడానికి వెళ్ళి, ఉదయ్‌ని మొదట చూసింది కూడా ఆయనేనట. పోలీసులు అడిగితే కరెంటు ఉందనే చెప్పాడట. ఉద్యోగం పోతే ట్రెయిలరూ పోతుందని.

ఆ ముసలాయన్ని నీళ్ళలోకి తోసెయ్యాలనిపించిందక్కా, అంది ఉజ్వల. తోసినా నేను తప్పనను. తను తొయ్యలేదు. ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. కార్ బానెట్ మీద కాగితం పెట్టి రాయించి సంతకం పెట్టించింది. గాలికి కాగితం కదలకుండా తనే పట్టుకుంది.

కేసు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చివర్లో చెప్పాల్సింది వేరే ఉంది. లాయర్ దగ్గర జాడీ ఉంది, కార్డు ఉంది, వాల్టర్ సంతకం ఉంది. గ్రెగ్ ఇప్పుడు నవ్వుతూ దెయ్యం కథలు చెప్పడం మానేశాడు. ఉజ్వల పడవని పగలగొట్టనివ్వలేదు. వేరే యార్డ్‌కి తరలించింది, మంచు కరిగాక నీళ్ళలో దింపి పలకలు ఉబ్బేదాకా నానబెడతారట. శనివారాలు వెళ్ళి చూసి వస్తోంది. సవతి ఎలా ఉంది అంటే, సన్నబడింది, కోలుకుంటుంది అంటుంది.

ఇక లాయర్‌కి చెప్పని సంగతి. నాకు మాత్రమే చెప్పింది.

సంతకం అయ్యాక ఉజ్వల ఊరుకోలేకపోయింది. ఫిబ్రవరి పదే ఎందుకని అడిగింది. పద్దెనిమిది రోజులు హాయిగా నిద్రపోయి, పంతొమ్మిదో రోజు జాలి పుట్టుకొచ్చిందా అని దెప్పింది. కరెంటు లేకుండా చచ్చిన మనిషికి ఇప్పుడు కరెంటు ఇచ్చి ఏం లాభం అంది.

వాల్టర్ తల అడ్డంగా ఊపాడు. నీళ్ళ వైపు చూడకుండా చెప్పాడు:

"జాలి కాదమ్మా. ఆ పద్దెనిమిది రాత్రులూ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. అయినా బుడగలు వచ్చాయి. అది చూడలేక ఆన్ చేశాను... పంపు వల్లే వస్తున్నాయని నాకు నేను చెప్పుకోవచ్చని."

ఉజ్వల నమ్మలేదు. తప్పు చేసినవాడు ఎన్నయినా చెప్తాడు అనుకుంది. విసురుగా ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి, తన చేత్తోనే స్విచ్ ఆపేసింది. టిక్.

మూలుగు ఆగిపోయింది. డాక్ మొత్తం నిశ్శబ్దం.

నడిచింది. పదమూడు... పద్నాలుగు... వాల్టర్ వెనకాల రాలేదు. పదిహేను... పదహారు... పదిహేడు దగ్గర ఆగి లైటు వేసింది.

బుడగలు వస్తూనే ఉన్నాయి.

పంపులో మిగిలిన గాలేమో అనుకుని నిలబడింది. ఐదు నిమిషాలు. పది. తగ్గడం లేదు — ఒకటి, రెండు, గుప్పెడు...

అప్పుడు అరిచింది ఉజ్వల. నాకు చెప్తున్నప్పుడు కూడా గొంతు అదే స్థాయికి వెళ్ళింది, మా పక్కింటివాళ్ళు వినే ఉంటారు.

"జన్మలో నేను చెప్పిన మాట ఒక్కటి విన్నావా నువ్వు? ఒక్కటంటే ఒక్కటి? ఇదొక్కటే వినాల్సొచ్చిందా? కోపంలో అన్నాను. ఆ కేకు ఇంకా కొయ్యలేదు అవని, ఏడాదైంది. చాలు. పద ఇంటికి."

అనేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. బుడగలు ఆగాయో లేదో అప్పుడు తనకి తెలీదు. పొద్దున్న వాల్టర్ ఫోన్ చేశాడట. పదిహేడో స్లిప్పు తెల్లగా గడ్డ కట్టేసింది, మిగతావాటిలాగే, నడవగలిగేంత గట్టిగా.

టీ వేడి చేసి ఇచ్చాను. తాగి, కప్పు పెట్టేసి, కాస్త విసుగ్గానే చెప్పింది. ఆ రాత్రి కార్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచీ పక్క సీటు బెల్టు పెట్టుకోమని టింగు టింగుమని ఒకటే మోతట.

టూల్‌బాక్స్ ఉందేమోనే సీటులో, అన్నాను.

అది ముందు రోజే ఇంట్లో దింపేశానక్కా, అంది. సీటు ఖాళీయే.

మరేం చేశావు?

"ఏం చేస్తాను? చెప్తే పెట్టుకునే మనిషా? కార్ పక్కకి ఆపి, నేనే బెల్టు పెట్టాను."